పాతకాలపు మోటారు కార్లలో అనియత విద్యుద్దోషములు

మోటారు కారునందలి విద్యుద్వలయములలో పొడసూపి, కొంతసేపు నిలిచి, మరమ్మతు చేయువాని చేయి పడకమునుపే తనంతట తాను మాయమై, మరల అట్టి పరిస్థితులే తటస్థించినప్పుడు తిరిగి వచ్చు లోపమునకు అనియత విద్యుద్దోషమని పేరు. తీగ పూర్తిగా తెగినను, బల్బు మాడినను, బ్యాటరీ చచ్చినను ఆ లోపము స్థిరమైనది; పరీక్షకు నిలుచును; దాని ఉనికి తెలిసికొనుటకు ఒక దీపమును, రెండు మూరల తీగయును చాలును. అనియతదోష మట్లు నిలువదు. నల్లగొండలో బయలుదేరిన కారు నార్కట్‌పల్లి చేరకమునుపే నడిరోడ్డున ఆగిపోవును. దానిని తాడు కట్టి లాగించుకొని షెడ్డునకు చేర్చునప్పటికి ఇంజను సెల్ఫు తాకీతాకకముందే అందుకొనును. మెకానిక్కు తల గోకికొని పాయింట్లు తుడిచి పంపివేయును. మరునాడు మధ్యాహ్నము మరల అదే కథ. ఈ దోషములలో అధికభాగము యంత్రభాగములలో గాక, ఆ భాగములను ఒకదానితో నొకటి కలుపు సంధులలో నుండుననియు, సంధి కదలిన యప్పుడో, కాగిన యప్పుడో, తడిసిన యప్పుడో మాత్రమే దోషము బయటపడుననియు గ్రహించినచో శోధనమార్గము సగము తెరచికొన్నట్లే. అట్లు గ్రహింపక కాయిలు, కండెన్సరు, డైనమోలను ఒకదాని తరువాత నొకటిగా మార్చుచు పోవుట ధనవ్యయమునకే గాని దోషపరిహారమునకు దారి కాదు.

పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలతో కూడిన దక్షిణ తెలంగాణపు మెట్టసీమలో మోటారు రవాణా, నిజాము రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను నెలకొల్పిన కాలమునుండి క్రమముగా విస్తరించినది. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి (పూర్వము 9, ఇప్పుడు 65వ సంఖ్యగల జాతీయమార్గము) చౌటుప్పల, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్లు, సూర్యాపేట, కోదాడల మీదుగను, కర్నూలునకు పోవునది (పూర్వము 7, ఇప్పుడు 44) షాద్‌నగరు, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగను సాగుచున్నవి. ఈ రెండు బాటల అంచుననే మోటారు షెడ్లు, బ్యాటరీ దుకాణములు, వైరింగు పని నేర్చిన ఎలక్ట్రీషియనులు కుదురుకొనిరి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడిన నాగార్జునసాగరపు నిర్మాణకాలమున ఆనకట్ట స్థలమైన నందికొండకు పోవు కంకరబాటలపై జీపులును లారీలును ఎడతెగక తిరిగినవి.

ఈ సీమలో ఇప్పటికిని మిగిలియున్న పాత కార్లలో ప్రధానమైనది అంబాసిడరు. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ వారు 1950 దశకపు చివరి సంవత్సరములలో ఆరంభించి, కలకత్తా సమీపమునందలి ఉత్తరపారాలో 2014 మే నెలవరకు దీనిని నిర్మించిరి. ఫియట్ 1100 వంశమునకు చెంది, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారిచే నిర్మింపబడి 1974లో పద్మినియను పేరు తాల్చిన కారు రెండవది. మద్రాసున తయారైన స్టాండర్డ్ హెరాల్డు, అక్కడక్కడ మోరిస్ మైనరు, విల్లీస్ జీపు ఆ తరువాతివి. కేంద్ర మోటారు వాహన నియమములకు 2021లో జరిగిన సవరణను బట్టి 50 సంవత్సరములు దాటి మూలరూపము చెడని వాహనములు వింటేజి వాహనములుగా వి.ఎ. అక్షరములుగల ప్రత్యేక సంఖ్యతో నమోదు కావచ్చును. కావున పాత వైరింగును పెరికివేయక, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుకొనుట నేడు అభిరుచి మాత్రమే గాక ప్రయోజనకరమును అగుచున్నది.

బ్రిటిషు సంప్రదాయపు కార్లలో విద్యుత్సామగ్రి లూకాస్ సంస్థది. 1960 దశకారంభమున మద్రాసు చెంత పాడిలో స్థాపితమైన లూకాస్-టీవీఎస్ ఆ సామగ్రిని ఈ దేశముననే తయారు చేసినది. ఈ కార్లలో బ్యాటరీనుండి బయలుదేరు తీగ ఒక్కటే. తిరిగివచ్చు మార్గము కారు యొక్క ఉక్కుశరీరమే. దానినే ఎర్తు అందురు. నాటి మోరిస్ కార్లలో బ్యాటరీ ధనధ్రువము ఎర్తునకు కలుపబడియుండుటయు, తరువాతి కాలమున ఋణధ్రువమును కలుపు పద్ధతి వచ్చుటయు మరమ్మతు చేయువాడు మరువరాదు. కొత్త బ్యాటరీని అలవాటు చొప్పున తారుమారుగా బిగించిన పిమ్మట పుట్టిన చిక్కులకు కారణమును వేరొకచోట వెదకుట పెక్కుచోట్ల కనబడుచున్నది. తీగల రంగులకు లూకాస్ వారు ఏర్పరచిన సంకేతము మిక్కిలి ఉపయోగకరము: బ్యాటరీ ప్రధానధారకు గోధుమవర్ణము, ఇగ్నిషను తాళము తిప్పినప్పుడు మాత్రమే ప్రవహించుదానికి తెలుపు, ఆ తెలుపే ఫ్యూజు దాటిన తరువాత ఆకుపచ్చ, తాళముతో నిమిత్తము లేక ఫ్యూజు దాటినదానికి ఊదా, పక్క దీపములకును వెనుక దీపములకును ఎరుపు, హెడ్‌లైటులకు నీలము, ఎర్తునకు నలుపు. యాభై ఏండ్లలో పది చేతులు మారిన కారులో ఈ వర్ణక్రమము చెడియుండుట సహజమే. వంటింటి వైరింగునకు వాడు ఎర్రతీగ ముక్క డాష్‌బోర్డు వెనుక కనబడినచోట ఒకనాడెవరో తొందరలో అతుకు వేసిరని గ్రహించి, శోధనమును అచ్చటనే ఆరంభింపవచ్చును.

దోషకారణములు ఈ మెట్టసీమ శీతోష్ణములతో గాఢముగా ముడిపడియున్నవి. నల్లగొండలో వేసవియందు ఉష్ణోగ్రత 44 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడు దినములు కలవు. అట్టి మధ్యాహ్నమున బానెట్టు క్రింది గాలి అంతకంటె ఎంతో వేడెక్కును. రాగి వేడిమికి ఉక్కుకంటె ఎక్కువగా వ్యాకోచించును. చల్లారినప్పుడు ఎక్కువగా ముడుచుకొనును. ఏండ్ల తరబడి సాగిన ఈ వ్యత్యాసమువలన మరలు వదులై, రెండు లోహముల నడుమ సన్నని ఆక్సైడు పొర ఏర్పడును. చెల్కనేలల ఎర్రదుమ్ము, మొరముబాటల పొడి, ఇంజను నూనెతో కలసి సంధులపై పేరుకొనును. జూన్ నెలలో తొలకరి చినుకులు పడగానే ఆ దుమ్ముపొర తేమ పీల్చి, ఎండకాలమంతయు దుమ్ముగా మాత్రమే యుండినది విద్యుత్తునకు దొంగదారి యగును. డిస్ట్రిబ్యూటరు మూతపైని, కాయిలు మెడపైని ఈ పొర చేరినచో తొలివానలో ఇంజను దగ్గుటయు, గంట తరువాత వేడికి తడి యారి మరల సాఫీగా నడచుటయు జరుగును. పాత తీగల తొడుగు రబ్బరుపై నూలు అల్లికతో చేసినది. ఆ రబ్బరు ఎండకు పెళుసెక్కి, వంపుల వద్ద పగిలి రాలిపోవును. చేతితో కదలింపనంతవరకు తీగ చక్కగానే కనబడును.

బ్యాటరీనీటి విషయము ఈ జిల్లాలలో ప్రత్యేకముగా చెప్పదగినది. నల్లగొండ భూగర్భజలమున ఫ్లోరైడు అధికమని లోకవిదితము. దానిని పటిక, సున్నములతో తొలగించు విధానము నల్లగొండ పద్ధతియను పేర ప్రసిద్ధి కెక్కినది. ఆ నీటిలో ఫ్లోరైడే గాక ఇతర లవణములును కరగియున్నవి. డిస్టిల్డు వాటరు దొరకనందున బావినీటినో బోరునీటినో బ్యాటరీలో పోసినచో ఆ లవణములు పలకలను క్రమముగా చెరచును; నల్లగొండ పద్ధతిచే శుద్ధియైన నీరు సైతము త్రాగుటకు తగినదే గాని, ఇతర లవణములు అందు మిగిలియుండుటచే బ్యాటరీకి తగినది కాదు. అట్లు చెడిన గది యొకటి ఉదయమున సెల్ఫు తిప్పును, ఎండ తగిలినంతనే శక్తి నంతయు కోల్పోవును. హైడ్రోమీటరుతో ఆరు గదులను వేరువేరుగా కొలువవలెను. పూర్తిగా చార్జియైన ఆమ్లపు సాపేక్షసాంద్రత సమశీతోష్ణదేశములలో 1.270 నుండి 1.290 వరకు ఉండవలెనని లూకాస్ వారు చెప్పి, ఉష్ణదేశములకు 1.210 నుండి 1.230 వరకు చాలునని వేరుగా నిర్దేశించిరి. విదేశపు పుస్తకమునందలి మొదటి అంకెను పట్టుకొని ఇక్కడ ఆమ్లము చేర్చుట పలకల ఆయుర్దాయమును తగ్గించుటయే. అంకె యేదైనను, ఒక గది తక్కినవానికంటె స్పష్టముగా వెనుకబడియున్నచో దోషము అచ్చటనే కలదు.

శోధనమునకు పునాది 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు ఓమ్ ప్రకటించిన సూత్రమే: నిరోధము గుండా ప్రవాహము నడచునప్పుడు ఆ రెంటి లబ్ధమునకు సమానమైన వోల్టేజి అచ్చట వ్యయమగును. 12 వోల్టుల, 45 వాట్ల హెడ్‌లైటు బల్బు నిరోధము సుమారు 3.2 ఓములు, ప్రవాహము 3.75 ఆంపియర్లు. దాని ఎర్తు మరవద్ద తుప్పువలన అర ఓము నిరోధము చేరినచో బల్బునకు 10.4 వోల్టులు మాత్రమే అందును. వెలుగు పదింట ఆరు పాళ్లకు పడిపోవును. సెల్ఫు మోటారు లాగు 200 ఆంపియర్ల వద్ద ఓములో నూరవవంతు నిరోధమైనను 2 వోల్టులను మ్రింగివేయును. కాలువ నడుమ ఎంత మట్టి పేరుకొన్నదో తూము తెరచి నీరు పారించినగాని చివరిమడి రైతునకు తెలియదు. సంధిలోని నిరోధమును అట్లే, ప్రవాహము నడచుచుండగా మాత్రమే కనబడును. ఈ హేతువుచేతనే వలయమును విడదీసి ఓమ్‌మీటరుతో చూచుట అనియతదోష విషయమున మోసకరము: ముప్పది పోగుల తీగలో ఒక్క పోగు మిగిలియున్నను మీటరు తీగ బాగున్నదనియే చెప్పును, దీపము వెలిగింపబోయినప్పుడు ఆ పోగు కాగి, ప్రవాహమును అడ్డును. దీపమును వెలిగించి, సెల్ఫు తిప్పి, సంధికి ఈవలను ఆవలను వోల్టుమీటరు తీగలు తాకించి చూచుటయే సరియైన పరీక్ష. మంచి సంధివద్ద ఒక వోల్టులో పదవవంతునకు మించి పోరాదు.

అన్నిటికంటె ముందు చూడదగినది ఎర్తు. ఇంజను రబ్బరు దిమ్మెలపై నిలిచియుండుటచే దానికిని కారుశరీరమునకును నడుమ అల్లిక రాగిపట్టీ యొకటి బిగింపబడియుండును. ఆ పట్టీ తెగినను, రంగుపూసిన ఇనుముపై బిగింపబడినను, సెల్ఫు ప్రవాహము వేరు దారులు వెదకికొని చోకు తీగగుండా, యాక్సిలరేటరు కడ్డీలగుండా పోవును. సెల్ఫు నాలుగుమారులు తిప్పిన తరువాత చోకు పిడి వేడిగా తగిలినచో ఇక వేరు సాక్ష్యము అక్కరలేదు. వెనుక దీపముల ఎర్తు చెడినచో బ్రేకు త్రొక్కినప్పుడు పక్క దీపములు మినుకుమినుకుమనుటయు, ఇండికేటరు వేగము మారుటయు కలుగును. ప్రవాహము తన దారి మూసికొనిపోగా పొరుగు బల్బు తంతువు గుండా తిరుగుదారి పట్టుటయే దీనికి కారణము. గతుకులరోడ్డుపై కనబడి సిమెంటురోడ్డుపై మాయమగు లోపములలో ఎర్తు లోపములే పెక్కు.

ఇంజను నడచుచు నడచుచు ఆగిపోవుట అనియతదోషములలో ప్రయాణికుని మిక్కిలి బాధించునది. శ్రీశైలము బాటలో మన్ననూరువద్ద అమ్రాబాదు పీఠభూమి కెక్కునప్పుడును, దోమలపెంట దాటి కృష్ణలోయకు దిగు మలుపులలోను కారు నిలిచిపోయినచో చుట్టును అడవియే గాని షెడ్డు లేదు. ఇట్టి తావున మొదట నిర్ణయింపవలసినది, తప్పు విద్యుత్తుదా, పెట్రోలుదా యని. వేడికి పైపులో పెట్రోలు ఆవిరియై అడ్డుపడినను, వేడికి కాయిలు చెడినను ఇంజను ఆగును. రెండును అరగంట నీడను నిలిపినచో నయమగును. పంపుమీదను కాయిలుమీదను తడిగుడ్డ వేయు డ్రైవర్ల అలవాటు రెంటికిని ఉపశమనమే గాని, రెంటిలో ఏది యను ప్రశ్నకు సమాధానము కాదు. కారు ఆగిన మరుక్షణమున, చల్లారకమునుపే, కాయిలునుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు లావుతీగను మూతనుండి ఊడదీసి, ఎండుగుడ్డతో పట్టుకొని, దాని కొనను ఇంజను లోహమునకు పావు అంగుళము దూరమున ఉంచి, పెట్రోలు వాసన చుట్టుపట్ల లేదని రూఢిపరచుకొని సెల్ఫు తిప్పింపవలెను. నీలిరవ్వ చటచట దూకినచో కాయిలును, పాయింట్లును నిర్దోషులు; పెట్రోలును, ఆ వెనుక రోటరును చూడవలెను. రవ్వ లేకున్నను, పచ్చగా నీరసముగా నున్నను తప్పు విద్యుత్తుదే. త్రోవలో ఇంజను దగ్గుచు, తగ్గుచు ఆగినచో పెట్రోలునే ఎక్కువగా శంకింపవచ్చును. తాళము కట్టినట్లు ఒక్కసారిగా ఆగినచో విద్యుత్తునే.

తప్పు విద్యుత్తుదని తేలిన తరువాత ఈ వ్యాసకర్త తక్కిన అన్ని పరీక్షలకంటె మిన్నగా నెంచునది, కారు నడచుచుండగనే చేయు దీపపరీక్ష. చిన్న బల్బొకదానికి రెండు పొడవాటి తీగలు కట్టి, ఒకదానిని కాయిలుపై తాళమునుండి తెల్లతీగ వచ్చు మొనకును, రెండవదానిని ఎర్తునకును బిగించి, బల్బును బానెట్టు సందునుండి పైకి తీసి అద్దము ముందు కనబడునట్లు కట్టి, దోషము సాధారణముగా కలుగు రోడ్డుపైనే, కలుగు వేళకే కారు నడుపవలెను. ఇంజను ఆగిన క్షణమున దీపము ఆరినచో తప్పు కాయిలునకు వెనుక, అనగా తాళములోనో, తెల్లతీగలోనో, దాని అతుకులలోనో ఉన్నది. దీపము వెలుగుచుండగనే ఇంజను ఆగినచో తప్పు కాయిలునకు ముందు, అనగా కాయిలులో, పాయింట్లలో, కండెన్సరులో లేక రోటరులో ఉన్నది. ఒక్క దీపముతో వలయము రెండుగా చీలినది. దినములతరబడి షెడ్డులో వెదకిన వెదకులాటకంటె ఇది మేలు. షెడ్డులో కారు నిలిచియుండగా వేడియు, కుదుపును, ఇంజను ఊగుటయు లేవు. లోపము తన పరిస్థితులను వీడి అక్కడ ప్రత్యక్షము కాదు.

డిస్ట్రిబ్యూటరు లోపల పాయింట్ల నడుమ సందు అంబాసిడరు 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. సందు సరిగానున్నను ఒక సూక్ష్మదోషము పెక్కుమందిని వంచించుచుండును. పాయింట్లు నిలిచిన పలక, ఇంజను పీల్పు వలన కొంత తిరుగునట్లు అమర్పబడినది. దానితోపాటు రెండు చిన్న మెత్తని తీగలు నిరంతరము వంగుచుండును. లోపలి పోగులు తెగి, పైతొడుగు మాత్రము చెక్కుచెదరక యున్నచో, యాక్సిలరేటరు ఒక మోస్తరుగా త్రొక్కినప్పుడు మాత్రమే ఇంజను తడబడును, పూర్తిగా త్రొక్కినను వదలినను చక్కబడును. పీల్పుగొట్టమును ఊడదీసి కట్టివేయగానే తడబాటు మాయమైనచో ఆ తీగలను లాగి చూడవలెను. తెగినది రబ్బరువలె సాగును. కండెన్సరు, రోటరు, కాయిలులు వేడికి చెడునవి. కాయిలు లోపలి రాగిచుట్ట 20 డిగ్రీలనుండి 90 డిగ్రీలకు చేరునప్పటికి నిరోధము నాలుగవవంతునకు పైగా పెరుగుట ప్రకృతిసిద్ధము. అది దోషము కాదు. చుట్టల నడుమ పూత వేడికి చీలి పొరుగుచుట్ట తాకినప్పుడే దోషము. అనుమానము గల భాగమును తీసి మంచిదని ఎరిగినదానిని పెట్టి, అదే ఎండలో అదే దూరము నడిపి చూచుట తప్ప వీనికి నమ్మదగిన వేరు పరీక్ష షెడ్డులలో లేదు. కొత్తదని కొన్న కండెన్సరు మంచిదని అర్థము కాదు. పాత కారునుండి తీసిన, నడచుచుండిన భాగమే పరీక్షకు శ్రేష్ఠము.

ఫ్యూజు అప్పుడప్పుడు మాడిపోవు దోషమునకు ఒక సులభోపాయము కలదు. నాటి మోరిస్ కార్లలో ఫ్యూజులు రెండే. ఒక్కొక్కదాని వెనుక పెక్కు వలయములు. మాడిన ఫ్యూజు స్థానమున హెడ్‌లైటు బల్బును కలిపినచో, తీగ ఎర్తును తాకిన క్షణమున బల్బు నిండుగా వెలుగును, ప్రవాహము దాని గుండా పరిమితమగుటచే తీగలు మాడవు. అప్పుడు హారను తీగ, స్టీరింగు స్తంభము, తలుపు కీలు, డిక్కీ వంపులవద్ద తీగలను ఒక్కొక్కటిగా కదల్చుచు పోయినచో ఏ కదలికకు బల్బు వెలిగినదో అచ్చటనే దోషము. సిగరెట్టు పెట్టెలోని రేకుకాగితమును ఫ్యూజునకు చుట్టు అలవాటు ఇంకను పోలేదు. అది తీగల కట్టను సమూలముగా దహించును, కారునే దహించిన సందర్భములును లేకపోలేదు. ఈ ఒక్క విషయమున మరమ్మతుదారుడు యజమానిమాట వినరాదు.

చార్జింగు విషయమున డైనమో గల కార్లకు, ఆల్టర్నేటరు గల తరువాతి కార్లకు భేదము కలదు. డైనమోనుండి వచ్చు ధార కటౌటు పెట్టె గుండా పోవును. దానిలోని పాయింట్లపై ధూళి చేరినచో డాష్‌బోర్డుపై చార్జింగును తెలుపు ఎర్రదీపము ఒకప్పుడు వెలిగి, ఒకప్పుడు ఆరుచుండును. ముందుగా బెల్టు బిగువును, కార్బను బ్రష్షుల పొడవును చూచి, ఆ పిమ్మటనే కటౌటును తెరవవలెను. 1980 దశకమునుండి ఈ ప్రాంతపు రోడ్లపై వ్యాపించిన డీజిలు అంబాసిడరులో ఇగ్నిషను వలయమే లేనందున, నడచుచున్న ఇంజను విద్యుద్దోషముచే ఆగిపోవు భయము మిక్కిలి తక్కువ.

ఊళ్లలో కొట్టములలో నెలలతరబడి నిలిచియున్న కార్లకు ఎలుకలు, పందికొక్కులు వేరు శత్రువులు. వేరుశనగ పండు వనపర్తి, గద్వాల ప్రాంతములలో కాయలు నిల్వచేయు ఇంటి ప్రక్కనే కారు నిలిపినచో సీటు క్రిందను, డాష్‌బోర్డు వెనుకను తీగల తొడుగు కొరుకబడియుండును. రాగి బయటపడి, తగిలినప్పుడు రవ్వ, తగలనప్పుడు మౌనము. అట్టి కారును బ్యాటరీ తీగ ఊడదీసి నిలుపుటయు, నడుపుటకు ముందు తీగల కట్టను పొడవునా దీపముతో చూచుటయు తప్పనిసరి. తెగినచోట పాత రంగు తీగనే, పాత మందముననే చేర్చి, టంకము వేసి, ఆ టంకమునకు ఇరువైపుల తీగ ఊగకుండ పట్టీతో బిగింపవలెను. ఊగునచోట టంకము అంచుననే తీగ మరల తెగును. ఎర్తు మరక్రింద రంగును గీకి లోహము మెరయజేసి, బిగించిన పిదప పైన గ్రీసు పూయవలెను. మరమ్మతు ముగిసిన కారును, లోపము మొదట ఏ వేళ, ఏ దూరమున, ఏ బాటపై పొడసూపెనో ఆ వేళకే ఆ బాటపైనే దీపము కట్టియుంచి మరల నడిపి చూచిన పిమ్మటనే యజమానికి అప్పగింపవలెను.